తలక్రిందైన బంగరుచేప

బంగరుచేపలను పెంచు నింట నెప్పుడో యొకప్పుడు కనబడు దృశ్య మొకటి కలదు. నిన్నటివఱకు చక్కగా నీదుచుండిన చేప నేటి యుదయమున నీటిపైకి తేలి, ప్రక్కకొరగి, పొట్ట పైకై, క్రిందికి దిగుటకు పెనగులాడుచుండును. లేదా తొట్టి యడుగున కంటుకొని, ఎట్లో పైకి లేచి, మరల రాయివలె పడిపోవుచుండును. చచ్చినదే యనుకొని కొందఱు దానిని పారవేయుదురు. కొందఱు దుకాణమునకు పరుగెత్తి నీలిరంగు మందో పసుపురంగు మందో తెచ్చి నీటిలో పోయుదురు. మఱికొందఱు చెఱువులో విడిచి పుణ్యము కట్టుకొంటి మనుకొందురు. ఈ మూడును తొందరపాటు పనులే. చేప యేల తేలుచున్నదో, యేల మునుగుచున్నదో యెఱుగక చేయు సాయము దానికి సాయము కానేరదు.

ఇంత చిన్న ప్రాణిని గూర్చి యిన్ని పుటలు వ్రాయవలెనా యని కొందఱు చదువరులు నవ్వవచ్చును. కాని మన చేతితో మేత వేసి, మన యింట నద్దములనడుమ బంధించిన ప్రాణికి వచ్చిన కష్టము మన యింటి కష్టమే. పైగా ప్రాణులయెడ దయ యనగా నేమో మన బిడ్డలు పుస్తకములలో నేర్చుకొనుటకు ముందే యిట్టి తొట్టియొద్ద నేర్చుకొందురు. అక్కడ మనము నేర్పునది సరియైనదిగా నుండవలెను గదా.

మొదట చేప నీటిలో నిలుచు తీరు తెలిసికొందము. కండలును ఎముకలును గల చేపయొడలు నీటికంటె కొంచెము బరువైనది, ఊరకున్నచో మునిగిపోవలసినదే. ఆ బరువును సరితూచుటకు ప్రకృతి దాని వెన్నెముకకు దిగువను గాలితో నిండిన తిత్తి నమర్చినది. పాఠ్యగ్రంథములు దీనిని వాతాశయ మనును. బంగరుచేపలో నీ తిత్తి ముందొకటి, వెనుకొకటి, రెండఱలుగా నుండును. వెనుకటి యఱనుండి సన్నని నాళము గొంతువైపునకు పోవును. చేప నీటిపై గాలి మ్రింగి యా నాళముద్వారా తిత్తిలోనికి పంపుకొనగలదు, ఎక్కువైనప్పుడు వెలిపుచ్చగలదు. ముందటి యఱకు చిన్నయెముకల వరుసచేత లోపలి చెవితో సంబంధము కలదు. నీటిలోని చప్పుళ్లను చెవికందించుటలో తిత్తికి పెద్ద భాగ మున్నది. కనుక నిది యీతకే గాక వినికిడికిని సాధనము.

ఇంకొక సంగతి. బంగరుచేపకు మనకున్నట్టి జీర్ణకోశము లేదు. మ్రింగినది నేరుగా ప్రేగులోనికి పోవును. సహజముగా నది పగలంతయు బురదలోను నాచులోను కొంచెము కొంచెముగా వెదకుకొని తిను ప్రాణి. మనమో, నీటిపై తేలు ఎండుమేతను గుప్పెడు చల్లుదుము. అది పైకి వచ్చి మేతతోపాటు గాలిని మ్రింగును. ఆ గుళికలు కొన్ని నీటిలో నానినకొలది ఉబ్బును. నమ్మనివారు చిటికెడు గుళికలను గిన్నెడు నీటిలో వేసి, పావుగంట తరువాత చూడవచ్చును. ఆ యుబ్బు గిన్నెలోగాక చేప ప్రేగులో జరిగినచో, ప్రేగు నిండి, దానిలో గాలి చేరి, ప్రక్కనున్న తిత్తిని నొక్కును. అంతటితో తూకము చెడును.

అయితే మేత యొక్కటే దోషమైనచో, అన్ని బంగరుచేపలును సమానముగా నీ బాధకు లోను కావలెను. అట్లు జరుగదు. సన్నగా పొడుగుగా నుండు కామెట్, షుబుంకిన్ జాతులు దీనిపాలగుట యరుదు. బంతివలె గుండ్రనైన ర్యూకిన్, ఒరాండా, రాంచూ జాతులకే యీ బాధ తఱచు. దీని కారణము వాని చరిత్రలో నున్నది. బంగరుచేప పూర్వులు చైనాదేశపు మంచినీటి చేపలు. రంగు బూడిద పచ్చన, ఒడలు పొడుగు. దాదాపు వేయి సంవత్సరముల క్రిందట, సుంగ్ వంశపు రాజుల కాలమున, వానిలో నెఱ్ఱనివానిని పసుపువన్నెవానిని ఏఱి పెంచుట ప్రబలినది. తరువాత జపానునకును, పదునేడవ శతాబ్దిలో ఐరోపాకును అవి వ్యాపించినవి. రంగుతో తృప్తిపడక మనుష్యుడు జంటతోకను కోరెను. తలపై బొడిపెల కిరీటమును కోరెను. పొట్టియై గుండ్రనైన యొడలిని కోరెను. ఒక్క జన్యువులో వచ్చిన మార్పే యా జంటతోకకు మూలమని శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిరి. గుండ్రని యొడలికై వెన్నెముక పొట్టియై వంగెను. పొడుగైన కడుపులో విశాలముగా నుండవలసిన అవయవములు ఇఱుకున పడెను. గాలితిత్తి వంకరపోయెను, పెక్కింటిలో వెనుకటి యఱ చిన్నదై, కొన్నింటిలో లేనట్లేయైనది. తక్కెడలో నొక సిబ్బిని తీసివేసి, ముల్లు సరిగా నిలువలేదని విసుగుకొన్నట్లున్నది మన పని.

మా యింటికి బూరె వచ్చినప్పు డిదంతయు మాకు కన్నులకు కట్టినట్లయ్యెను. మేముండునది రాజమహేంద్రవరము. మా పొరుగున నుండిన యొక యుద్యోగికి దూరప్రదేశమునకు బదిలీ యయ్యెను. వారి యింట నెనిమిది లీటర్ల గుండ్రని గాజుపాత్రలో నొక ర్యూకిన్ చేప యుండెను. అప్పటికే యది ప్రక్కకొరిగి తేలుచుండెను. ఆ యిల్లాలు, "గోదావరిలో వదిలేయండి పిన్నిగారూ, దాని రాత బాగుంటే బతుకుతుంది" అనెను. ఈదలేని చేపకు గోదావరిలో నుండు రాత కొంగముక్కే యని మేమెఱుగుదుము. ఈదగల చేపనైనను విడువరాదు. పరదేశపు జాతి చెఱువులలో చేరి పెరిగినచో అడుగు మట్టిని కెలికి, మొక్కలను పెకలించి, తనతో తెచ్చిన రోగములను స్థానికపు చేపల కంటించును. అందుచే దానిని మేమే తెచ్చుకొంటిమి. దాని పొట్టను చూచి మా అమ్మాయి "బూరె" అని పేరు పెట్టెను.

మేము దానికి మందేదియు వేయలేదు. మొదట చూచినది నీరు. చేప మొప్పలనుండి అమోనియా వెలువడును. దానిని, దానినుండి పుట్టు నైట్రైటును హానిలేని రూపములోనికి మార్చు సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. ఫిల్టరే లేని గాజుపాత్రలో చేప తన విషములోనే తానీదును. దుకాణములలో దొరకు పరీక్షసామగ్రితో చూచినప్పుడు అమోనియాయు నైట్రైటును సున్నగా నుండవలెను. లేనిచో వెంటనే నాలుగవవంతునుండి మూడవవంతు నీటిని మార్చవలెను. క్రొత్తనీరు వేడిమిలో పాతనీటికి సమానముగా నుండవలెను. కుళాయినీటిలోని క్లోరినును ముందుగా పోగొట్టవలెను. గుండ్రని చేప యొక్కదానికైనను 75 లీటర్ల తొట్టి యుండవలెనని యనుభవజ్ఞులు చెప్పుదురు. రోము నగరపాలకులు 2005లో గుండ్రని గాజుపాత్రలలో చేపలను పెంచుటనే నిషేధించిరి. ఏడాదినుండి నడచుచుండిన మా నూఱు లీటర్ల తొట్టిలోని నీటికి బూరెను కొంచెముకొంచెముగా నలవాటుచేసి విడిచితిమి. అయిదవనాటికి దాని యొరగుబాటు సగము తగ్గెను.

రెండవ పని యుపవాసము. పెద్ద బంగరుచేప రెండుమూడు దినములు మేత లేకుండ హాయిగా నుండగలదు. ప్రేగు ఖాళీయగుట కా వ్యవధి చాలును. చిన్నపిల్లలను మాత్రము పస్తుంచరాదు. ఇక్కడ మాకడ్డము వచ్చినవారు మా అత్తగారు. నోరు తెఱచి యడిగినవారికి లేదనుట యామె యెన్నడు నెఱుగదు. బూరె యామెను చూచినంతనే పైకి వచ్చి నోరు తెఱచుచుండెను. "అడిగేవాడి కడుపు మాడ్చడమేమిటే అమ్మాయీ?" అని యామె మమ్ము కోపపడెను. అది యాకలి కాదనియు, నీటి ప్రాణులలో నీ జాతి దొరకినప్పుడెల్ల తినుట కలవాటుపడినదనియు, మేత చూపిన చేతిని చూచి నోరు తెఱచుట దానికభ్యాసమేయనియు చెప్పితిమి. ఆమె కొంతసేపాలోచించి, పంచాంగము చూచి, "సరే, ఎల్లుండి ఏకాదశి. నాతోపాటు వాడికీ ఉపవాసమే" అనెను. దశమినాడు మొదలిడి యేకాదశి యంతయు బూరె పస్తుండెను. ద్వాదశినాడు మా అత్తగారే పచ్చిబఠాణీ నుడికించి, పైతొక్క తీసి, గోటితో చిదిపి దానికి పారణ చేయించెను. అప్పటినుండి ప్రతి యేకాదశికిని మా తొట్టిలో ఉపవాసము నియమమయ్యెను. శాస్త్రము చెప్పినదానిని మా అత్తగారు తన పంచాంగములోనికి చేర్చుకొనుటచేత అది మా యింట నిలిచినది.

బఠాణీని గూర్చి యొక మాట చెప్పవలెను. అది సర్వరోగనివారిణి కాదు. దానిలోని పీచు మలబద్ధమును సడలించును. మలబద్ధముచేత వచ్చిన బాధకే యది పనికివచ్చును. అటుపిమ్మట నడుగునకు మునుగు మేతను నీటిలో నానబెట్టి, ఒకటి రెండు నిమిషములలో తినగలిగినంత మాత్రమే, దినమునకు రెండు మూడు పర్యాయములు వేయవలెను. వేడిమి తగ్గినప్పుడు జీర్ణము మందగించును గనుక చలిదినములలో మేతను తగ్గించవలెను. లీటరునకొకటి మొదలు మూడు గ్రాముల కల్లుప్పును కరగించి క్రమముగా కలుపుట, అలసిన చేపకు శరీరములోని లవణముల తూకము నిలుపుకొనుటలో కొంత సాయమగును. అంతకుమించి దానినుండి యాశింపరాదు. నీటిలో నూరక పోసిన జీవనాశకౌషధములు ఫిల్టరులోని మేలుచేయు సూక్ష్మజీవులను చంపవచ్చును. మొండి రోగక్రిములను పెంచవచ్చును. అట్టి మందులు పశువైద్యుడు చూచి చెప్పినప్పుడే వాడదగినవి. తిత్తికి సోకిన క్రిములు, ఉబ్బిన మూత్రపిండములు, కడుపులోని కంతులు, వెలువడని గ్రుడ్లు, ఇవన్నియు చేపను తేలునట్లో మునుగునట్లో చేయగలవు. పొలుసులు నిక్కపొడుచుకొని యొడలంతయు ఉబ్బినచో నది వేఱొక పెద్దజబ్బు. దానికి బఠాణీ తినిపించుచు కాలము గడపరాదు.

బూరె యెనిమిది నెలలు నిటారుగా నీదెను. పుష్యమాసపు చలిలో నొకనాటి యుదయమున మరల బోల్తాపడెను. ఈసారి నీరు నిర్దోషముగా నుండెను. నీటి వేడిమిని మెల్లగా పెంచితిమి. ఉపవాసము, పారణ యన్నియు నయ్యెను. ఫలము కలుగలేదు. చేపలను చూచు పశువైద్యుని వెదకి కొనిపోగా నాయన ఎక్సురే తీయించి చూపెను. ఆ పటములో ముందటి యఱ నల్లని బుడగవలె ఉబ్బి కడుపునంతయు నాక్రమించియుండెను. వెనుకటి యఱ శనగగింజంతయైన లేదు. తిత్తినుండి సూదితో గాలి తీయవచ్చుననియు, కాని గాలి మరల చేరుననియు, కొన్ని దేశములలో చేప కడుపులో చిన్నరాతిని బరువుగా నుంచి కుట్టుచున్నారనియు, దీని కది తగదనియు నాయన చెప్పెను. పటమును రెండుచేతుల పట్టుకొని చూచుచుండిన మా అమ్మాయి, "అమ్మా, వీడికీ ఆకారం దేవుడిచ్చాడా?" అని యడిగెను. "కాదమ్మా, మనుషులే ఇచ్చారు" అంటిమి. "ఎందుకు?" అనెను. "ముద్దుగా ఉంటుందని" అంటిమి. ఆ పిల్ల మఱి మాటాడలేదు.

నయముకాని చేపకును చేయదగిన సేవ యున్నది. తేలు చేపకు నీటిపైకి వచ్చిన చర్మ మెండి పుండగును. దానిని తడిగా నుంచుట ముఖ్యము. బెండుముక్కలతోను గొట్టములతోను చిన్న జీనులు చేసి కట్టువారు కలరు. కట్టినది చర్మమును ఒరయును గనుక దినదినమును చూచుకొనవలెను. మునుగు చేపకైనచో నీటి లోతు తగ్గించి, అడుగున గులకరాళ్లు తీసివేసి నున్నగా నుంచవలెను. బూరెకు మేము వెడల్పైన తొట్టి నేర్పరచితిమి. పొట్టపై నీరు జాలువాఱునట్లు ఫిల్టరు గొట్టము నమర్చితిమి. నానిన మేతను వ్రేళ్లతో నోటికందించితిమి. తలక్రిందుగానే యది యేడు నెలలు బ్రతికెను. తలక్రిందుగానే వచ్చి మా అత్తగారి వ్రేళ్లను వెదకికొనుచుండెను.

ఈ యేడు నెలలును మా యింట నొక వాదము సాగెను. ఇంకను బాధ యెందుకు, దానిని శాంతముగా పోనిత్తమని మా యింటివారు. "ఆయువున్నన్నాళ్లు ఉండనీ నాయనా, పోయలేని ప్రాణం మనం తీయడమేమిటి?" అని అత్తగారు. మేమిద్దఱిలో నెవరివైపును చేరక మూడు ప్రశ్నలు నిర్ణయించుకొంటిమి. అది తినుచున్నదా? పిలిచిన వచ్చుచున్నదా? పుండ్లు మానుచున్నవా? ఈ మూడింటికిని అవునన్నంతకాలము అత్తగారి మాటయే సరి. శ్రావణమాసమున పొట్టమీది పుండు కండవఱకు దిగెను. పది దినములు బూరె నోరు తెఱవలేదు. పదునొకండవనాడు మా అత్తగారు తొట్టియొద్ద చాలసేపు కూర్చుండి లేచి, "ఇంక వాణ్ణి బాధపెట్టకండి" అనెను. పశువైద్యుడు చెప్పిన కొలత ప్రకారము లవంగతైలము కలిపిన నీటిలో నది మొదట నిద్రపోయెను. తరువాత మొప్పల కదలిక యాగెను. ఆయన చెప్పినంతసేపు నందే యుంచితిమి. నేలపై పడవేయుటయు, మంచుపెట్టెలో పెట్టుటయు, పాయిఖానాలో వదలుటయు దయ కావు. పెరటిలోని మల్లెపాదులో దానిని పూడ్చిరి. ఆనాడు తిథి యేదైనను తా నుపవాసమేయని మా అత్తగారు భోజనము మానెను.

చిన్నచేపకింత సేవ యేల యనువారి కొక లెక్క చెప్పెదము. బంగరుచేప యొకనాటి యాటవస్తువు కాదు. చక్కగా పెంచినచో పది యిరువది సంవత్సరములు బ్రతుకగలదు. ఇంగ్లండులో 1956లో నొక సంతలో బహుమానముగా వచ్చిన చేప 1999వఱకు, నలువదిమూడేండ్లు బ్రతికినది. మన గాజుపాత్రలలో నవి కొన్ని నెలలకే పోవుచుండుట చూచి వాని యాయువే యంత యని మన మనుకొనుచున్నాము. అది వాని యాయువు కాదు. మన పోషణయొక్క కొలత.

అన్నిటికంటె ముఖ్యమైన చికిత్స కొనుటకు ముందే జరుగవలెను. ఐరోపాలో స్త్రీల నడుములను ఊపిరాడకుండ బిగించు కట్లును, చైనాలో బాలికల పాదములను విఱిచి చిన్నవిగా చేయు కట్లును అందము పేరిటనే చాలకాలము చెల్లినవి. ఆ బాధ పడినవారును, వారి పక్షమున పలికినవారును నోరు తెఱచి వానిని మాన్పించుకొనిరి. మన దేశమున బాలికల బ్రతుకులను బిగించిన యాచారములును అట్లే యొక్కొక్కటిగా సడలినవి. చేపకు తన బాధ చెప్పుకొను నోరు లేదు. ఉన్న నోటిని మనము మేతయడుగుటగానే యర్థము చేసికొందుము. దానిపక్షమున మాటాడవలసినవారు కొనువారే. గిరాకి యున్నంతకాలము బంతివంటి చేపలను పుట్టించువారుందురు. వారిని తిట్టి ప్రయోజనము లేదు. ముద్దు మన కన్నులకు సంబంధించినది; దయ దాని యొడలికి సంబంధించినది. రెండింటిని ఒకటే యనుకొనుటచేత వచ్చిన రోగమిది.

అందుచే మా చదువరులకు మా మనవి యిది. ఇంట చేపలు కావలెననుకొన్నచో ముందు తొట్టి కొని, నీరు నింపి, ఫిల్టరు నడపి, నెలన్నర యోపిక పట్టవలెను. పొడుగైన యొడలును ఒంటితోకయు గల చేపలనే యడుగవలెను. అవి వేగముగా నీదునవి గనుక వానికి గాజుతొట్టికంటె పెద్ద సిమెంటుతొట్టి మేలు. ఇప్పటికే గుండ్రని చేప యింటనున్నవారు దానిని పారవేయక, విడువక, పైన చెప్పిన జాగ్రత్తలతో తుదివఱకు పోషింపవలెను. మేత వేయు పని యింటిలో నొక్కరిదే కావలెను. లేకున్న అందఱును ప్రేమతోనే దానికి అతిగా మేత పెట్టుదురు. మా పెరటిలో నిప్పుడు వలకప్పిన సిమెంటుతొట్టిలో రెండు కామెట్ చేపలున్నవి. అవి యొక చివరనుండి మఱియొక చివరకు బాణములవలె పోవుచుండును. బూరెవలె ముద్దుగా లేవని మా అమ్మాయి మొదట మూతి ముడిచెను. ఇప్పుడు తన స్నేహితురాండ్రను తీసికొనివచ్చి, అవి యెంత లోతుకు దిగి యెంత సులువుగా పైకి వచ్చునో చూపించుచున్నది.